ఛార్జింగ్ ఎక్కుతుంది, ఫైళ్లు కనిపించవు

ప్రశ్న: పొద్దున్నే కమలాపురం నుంచి కడప రోడ్డులో సైకిల్ తొక్కుతాను. సైకిల్ కంప్యూటర్‌ను ఇంట్లో డెస్క్‌టాప్‌కు తగిలిస్తే ఛార్జింగ్ ఎక్కుతోంది గానీ ఫైళ్లు కనిపించడం లేదు. చెడిపోయిందంటారా?

జవాబు: చెడిపోయి ఉండదు. ముందు కేబుల్‌ను అనుమానించండి. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి: రెండు కరెంటుకు, రెండు డేటాకు. కొన్ని చౌక కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి, అదే తంటా. ఫోన్ నుంచి ఫొటోలు ఎక్కించుకోగలిగిన కేబుల్‌తో ప్రయత్నించండి. దాన్ని డెస్క్‌టాప్ వెనక వైపు పోర్టులో నేరుగా గుచ్చండి. హబ్బులు, ముందువైపు పోర్టులు కొన్నిసార్లు మొరాయిస్తాయి. పరికరం పోర్టులో దుమ్ము, చెమట ఉప్పు పేరుకున్నాయేమో కూడా చూడండి. మన ఎండలకు అది మామూలే. పొడి మెత్తని బ్రష్ చాలు, నీళ్లు వద్దు.

మీది గార్మిన్ ఎడ్జ్ అయితే, కనెక్టయ్యాక 'గార్మిన్' ఫోల్డర్‌లోని 'యాక్టివిటీస్'లో ఒక్కో సవారీకి ఒక్కో ఫిట్ (.fit) ఫైల్ ఉంటుంది. అది డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోదు, కంగారు పడకండి. స్ట్రావా వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేస్తే మ్యాపు, వేగం అన్నీ వస్తాయి. పాతవి తుడిపేముందు మాత్రం కాపీ తీసుకోండి.