పేరు వేరు – చోటు వేరు

పార్వతీపురంలో 1949లో జన్మించి, జీవితమంతా ఆ ఊరు విడవని ఒక వ్యక్తిని ఊహించుకోవచ్చు. పుట్టిననాటికి ఆయనది విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడగా పార్వతీపురం అందులో చేరింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా అవతరించినప్పుడు ఆ తాలూకా కొత్త జిల్లాకు వెళ్ళింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి, ఆ పట్టణమే జిల్లా కేంద్రమైంది. ఇల్లు మారలేదు, వీధి మారలేదు. జిల్లా పేరు మాత్రం మూడు పర్యాయాలు మారింది. ఆయన బడి కాగితంలో శ్రీకాకుళమనీ, ఉద్యోగ పత్రంలో విజయనగరమనీ ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే గుమాస్తాకు ఇవి ఒకే మనిషివా అనే శంక కలగడం సహజం. ఆ శంక తీరేదాకా పింఛను ఆగిపోవచ్చు.

రాజాం సంగతి మరికొంత ఆసక్తికరం. 2022లో అది శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది. పిన్‌కోడు మాత్రం 532127 గానే ఉండిపోయింది. 532 శ్రీకాకుళం వైపు సంఖ్య. విజయనగరం వైపువి 535తో మొదలవుతాయి. 1972 ఆగస్టు 15న తపాలా శాఖ ప్రవేశపెట్టిన ఈ సంఖ్య ఉత్తరాల పంపిణీ కోసం ఏర్పడినదే గాని, జిల్లా సరిహద్దుల కోసం కాదు. అందుచేత జిల్లా మారినా ఉత్తరం దారి తప్పలేదు.

ఇవి మనిషి కదలకుండా పైనున్న పేరు మారిన సందర్భాలు. మనిషే కదిలిన సందర్భమూ ఈ ప్రాంత చరిత్రలో ఉంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, వ్యావహారిక భాషోద్యమ సారథి గిడుగు వేంకట రామమూర్తి దశాబ్దాలుగా నివసించిన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. మనిషి అదే, పేరు అదే; చిరునామా వేరు. పాత చిరునామాకు రాసిన జాబు ఆయనకు అందాలంటే, ఆయన ఇప్పుడెక్కడున్నారో తెలిసినవారు ఒకరుండాలి.

కంప్యూటర్లలో దాచిన సమాచారానిది సరిగ్గా ఈ రెండో స్థితి. పెద్ద విశ్వవిద్యాలయంలో వేలమంది రాసుకొనే ఫైళ్ళు ఒకే యంత్రంలో ఇమడవు. వాటిని సర్వర్లనే అనేక యంత్రాలలో పంచి ఉంచుతారు. ఒక సర్వరు నిండిపోతే, పాతబడితే, చెడిపోయే సూచన కనిపిస్తే అందులోని ఫైళ్ళను మరొకదానిలోకి తరలించవలసిందే. అయినా విద్యార్థికి తన పరిశోధన వ్యాసం నిన్న ఏ పేరుతో తెరుచుకుందో నేడూ ఆ పేరుతోనే తెరుచుకోవాలి. ఈ సౌకర్యం కల్పించే ఏర్పాటునే డిస్ట్రిబ్యూటెడ్ ఫైల్ సిస్టమ్ అంటారు.

ఇట్టివాటిలో ప్రసిద్ధమైనది అమెరికాలోని పిట్స్‌బర్గు నగరంలో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆండ్రూ వ్యవస్థ. 1982లో ఐ.బి.ఎం. సంస్థతో కలిసి ఆ విశ్వవిద్యాలయం ఈ పనికి పూనుకొంది. ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్ అనే ఇద్దరు దాతల పేరు దీనికి పెట్టారు. దీని శిల్పులలో ముఖ్యుడు మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన మహాదేవ్ సత్యనారాయణన్. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న రాజ్ రెడ్డి 1969 నుంచి ఆచార్యులుగా ఉన్నది ఈ విద్యాలయంలోనే.

కనీసం 5,000 కంప్యూటర్లకు సరిపోవాలన్నది ఆండ్రూ లక్ష్యం. అయితే సుమారు 100 కంప్యూటర్లు, 6 సర్వర్లతో నడిచిన తొలి నమూనాలోనే ఒక చిక్కు బయటపడింది. ఏ ఫైళ్ళు ఏ సర్వరులో ఉన్నాయో తెలిపే గుర్తులను ఫైళ్ళ అమరికలోనే పొదిగారు. ఒకరి ఫైళ్ళను ఒక సర్వరు నుంచి మరొకదానికి మార్చడం దానితో పెద్ద ప్రయాసగా పరిణమించింది. బడి కాగితంలో జిల్లా పేరు అచ్చయిపోవడం లాంటిదే ఇది.

రెండవ రూపంలో నిర్మాతలు రెండు మార్పులు చేశారు. సంబంధమున్న ఫైళ్ళను మూటగా కట్టి, దానిని వాల్యూమ్ అన్నారు. తెలుగులో సంపుటి అనవచ్చు. ప్రతి సంపుటికీ ఒక పేరు, ఒక సంఖ్య. వాటిలో స్థలసూచన లేదు. ఏ సంపుటి ఏ సర్వరులో ఉన్నదీ తెలిపే పట్టికను విడిగా ఉంచారు. విద్యార్థి ఫైలు తెరవగానే అతని కంప్యూటరు ముందు ఆ పట్టికను 'ఫలానా సంపుటి ఎక్కడ?' అని అడుగుతుంది, సమాధానం అందుకొని నేరుగా ఆ సర్వరు వద్దకు వెళుతుంది. ఆ సమాధానాన్ని గుర్తుంచుకొంటుంది కూడా. ప్రతిసారీ పట్టికనే అడిగితే వేలమంది రద్దీకి పట్టిక నిలవదు.

గుర్తుంచుకొన్న సమాధానం పాతబడవచ్చు గదా! దీనికి చూపిన పరిష్కారం ప్రశంసనీయం. సంపుటి తరలిపోయిన సంగతి అందరికీ ముందుగా చాటనక్కరలేదు. పాత సర్వరు వద్దకు ఎవరైనా వస్తే, 'ఇక్కడ లేదు' అని చెబుతుంది. అప్పుడు కంప్యూటరు మళ్ళీ పట్టికను అడిగి, కొత్త చోటికి వెళుతుంది. ఊరు విడిచినవారి జాబులపై తపాలా జవాను కొత్త చిరునామా రాసి పంపినట్లు, పాత సర్వరే దారి చూపే ఏర్పాటు కూడా చేశారు. తప్పుడు సమాచారం వల్ల కొంత ఆలస్యమే గాని, నష్టం లేదు.

మరి పట్టికే పోతే? సంపుటులన్నీ భద్రంగా ఉండికూడా ఒక్కటీ దొరకని దుస్థితి అది. అందుకే పట్టికకు సాధారణంగా మూడు ప్రతులుంటాయి. మూడింటిలో రెండైనా పరస్పరం అందుబాటులో ఉంటేనే కొత్త మార్పు నమోదవుతుంది. చదవడానికి ఏ ఒక్కటైనా చాలు. మూడు ప్రతులనూ ఒకే గదిలో ఉంచితే ఏం లాభమో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌నూ, 2018 అక్టోబరు 11న తిత్లీనీ చూసిన ఉత్తరాంధ్రకు వేరే చెప్పనవసరం లేదు.

అన్ని ప్రతులూ నశించినా ఇంకొక దారి ఉంది. ప్రతి సంపుటి తన పేరునూ, సంఖ్యనూ తనలోనే రాసుకొని ఉంటుంది. మన ప్రాచీన కావ్యాలలో ప్రతి ఆశ్వాసం చివర గద్య ఉంటుంది. కవి ఎవరో, కావ్యమేదో, అది ఎన్నవ ఆశ్వాసమో అందులో తెలుస్తుంది. తాళపత్రాలు చెదిరిపోయి, భాండాగారపు జాబితా కాలిపోయినా, ఆ గద్య ఉన్న ఆకు చేతికందితే పండితుడు గ్రంథాన్ని గుర్తించగలడు. అదే రీతిగా సర్వర్లన్నిటినీ వరుసగా అడిగి, వాటిలోని సంపుటుల పేర్లను చేర్చి, పట్టికను మళ్ళీ కట్టవచ్చు. ఇందుకు తగిన ఆదేశాలు ఆండ్రూ వ్యవస్థలోనే ఉన్నాయి.

2003లో గూగుల్ సంస్థ ప్రకటించిన ఫైల్ సిస్టమ్ ఈ మార్గాన్నే నిత్యవిధిగా చేసుకొంది. అందులోని ముఖ్య సర్వరు ఫైళ్ళ పేర్లను భద్రంగా రాసుకొంటుంది గాని, వాటి ముక్కలు ఎక్కడున్నాయో శాశ్వతంగా రాసుకోదు. మేల్కొన్న ప్రతిసారీ మిగిలిన సర్వర్లన్నిటినీ 'మీ వద్ద ఏమేమున్నాయి?' అని అడిగి తెలుసుకొంటుంది. తన వద్ద ఏది ఉన్నదీ, ఏది లేనిదీ చెప్పడంలో ఆయా సర్వరుదే తుదిమాట అని దాని నిర్మాతల వాదం. దాని వెనుక వచ్చిన హడూప్ కూడా ఈ పద్ధతినే అనుసరించింది.