ముంగిట అచ్చు కాంక్రీటు గచ్చు - ఖర్చు అంచనా వేయు విధము

ఇటీవల మన పల్లెలలో కొత్త ఇండ్లు కట్టుకొనువారు ఇంటి ముంగిట రాతి పలకలవలెనో, ఇటుకల వరుసవలెనో కనబడు అచ్చు కాంక్రీటు గచ్చు వేయించుచున్నారు. చూపునకు అది ఇంపుగా నుండును. కాని పని సగములో నుండగా డబ్బు చాలక అడుగున వేయవలసిన మొరమును, పైన పెట్టవలసిన తడుపును తగ్గించుకొన్నచో, అచ్చు ఎంత అందముగా పడినను గచ్చు పగులును. కావున మేస్త్రీని పిలుచుటకు ముందే లెక్క వేసికొనవలెను.

వాల్మీకిపురము, మదనపల్లె ప్రాంతపు రైతుకు ఈ జాగ్రత్త మరింత అవసరము. ఇచట చేతికి వచ్చు సొమ్ములో ఎక్కువ భాగము టమాటా ధరపై ఆధారపడియుండును. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమాటా నూరు రూపాయలకు మించి పలికినది. ఆ సెప్టెంబరు నాటికే ధర పడిపోయినది. రాబోవు కోత ధరను నమ్మి ముంగిలికై అప్పు చేయుట తగదు. పంట అమ్మి, బాకీలు తీర్చి, వచ్చే పైరు పెట్టుబడిని వేరుగా నుంచిన పిమ్మట మిగిలిన సొమ్ముతోనే ఈ పని తలపెట్టవలెను.

గచ్చు దేనికొరకు?

మొదట ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకొనుడు. కూర్చుండుటకు, నడచుటకు మాత్రమే అయినచో 4 అంగుళముల మందము చాలును. దానిపైకి ట్రాక్టరు రావలెనన్న 6 అంగుళముల మందము, లోపల ఇనుప కడ్డీల అల్లిక కావలెను. రాగులు, వేరుశనగ, చింతపండు ఎండబోయుటకైనచో అచ్చు గచ్చు పనికిరాదు. గాళ్ళలో గింజ చిక్కును, మట్టి చేరును. పైన పూయు మెరుగు పూత ఆహార ధాన్యమునకు తగినది కాదు. ఎండబెట్టు చోటు నున్నగా, పూత లేకుండ నుండవలెను.

సామాను లెక్క

10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గల ముంగిలిని తీసికొందము. విస్తీర్ణము 200 చదరపుటడుగులు. 4 అంగుళముల మందమునకు సుమారు 67 ఘనపుటడుగుల కాంక్రీటు పట్టును. సిమెంటు 1, ఇసుక 1½, కంకర జల్లి 3 పాళ్ళుగా కలిపినచో, తరుగుతో కూడ ఈ క్రింది సామాను కావలెను.

సిమెంటు - 16 బస్తాలు.
ఇసుక - 30 ఘనపుటడుగులు.
కంకర జల్లి - 60 ఘనపుటడుగులు.
అడుగున 4 అంగుళములు దిమ్మిస కొట్టుటకు మొరము - సుమారు 85 ఘనపుటడుగులు.

ఒక్కొక్క దానికి ఎదురుగా మీ ఊరికి చేర్చు బాడుగతో సహా నేటి ధర వ్రాసికొనుడు. 2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై జి.ఎస్.టి. 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. కావున అంతకు ముందటి బిల్లులను చూచి లెక్క వేయరాదు. దీనికి కూలి, పలకల బాడుగ, నీటి ఖర్చు కలిపిన సాదా గచ్చు వెల తేలును. దీనిని మొదటి లెక్క అనుకొందము.

అచ్చుపని లెక్క

రంగు పొడి, అచ్చు అంటుకొనకుండ చల్లు పొడి, రబ్బరు అచ్చుల బాడుగ, అచ్చుపని తెలిసిన మేస్త్రీ కూలి, మెరుగు పూత - ఇవి రెండవ లెక్క. మెరుగు పూతను రెండు మూడేండ్లకొకసారి మరల వేయవలెను. ఆ ఖర్చును ఇప్పుడే వ్రాసికొనుట మంచిది. రెండు లెక్కలు కలిపిన మొత్తముపై నూటికి పది రూపాయలు అనుకోని ఖర్చునకు చేర్చవలెను. అదే కొలతకు కడప నాపరాళ్ళు పరచిన ఎంతగునో కూడ అడిగి పోల్చి చూడుడు. నాపరాయి పగిలినచో ఆ ఒక్క రాయిని మార్చవచ్చును. అచ్చు గచ్చు పగిలిన అతుకు కనబడుచునే యుండును.

పొదుపునకు మార్గము

మొత్తము చాలనిచో మొదటి లెక్కలో కోత పెట్టరాదు. రెండవ లెక్కను తగ్గించుకొనవలెను. 200 చదరపుటడుగుల ముంగిలికి చుట్టును ఒక అడుగు అంచు మాత్రమే అచ్చు వేయించినచో, అచ్చుపని 56 చదరపుటడుగులకు తగ్గును. రంగు, పూత ఆ మేరకే పట్టును. మధ్య భాగము సాదాగా నుండి ముగ్గునకును, గింజలు ఎండబెట్టుటకును ఉపయోగపడును. అంచునకు సరిపడు చిన్న అచ్చులు మేస్త్రీ వద్ద గలవో లేవో ముందుగా విచారింపవలెను. ఇంకను తగ్గింపవలెనన్న, పచ్చి గచ్చుపై నూలుతాడు అద్ది గళ్ళు తీయు పాత పద్ధతి గలదు. దానికి ప్రత్యేకపు అచ్చు అక్కరలేదు.

పనిలో గమనింపవలసినవి

1. గచ్చు వాటము ఇంటి నుండి వెలుపలికి, అడుగునకు పావు అంగుళము చొప్పున ఉండవలెను. ఒక అంగుళము వాన కురిసినచో ఈ గచ్చు మీదుగా సుమారు 470 లీటర్ల నీరు పారును. దానిని కొబ్బరి పాదునకో, ఇంకుడు గుంతకో మళ్ళించుడు.

2. బస్తా సిమెంటునకు 25 లీటర్లకు మించి నీరు పోయరాదు. ఇసుకలోని తడియు ఇందులో చేరును. పని సులువగునని నీరు ఎక్కువ పోసిన గచ్చు బలము తగ్గును.

3. ప్రతి 8 లేక 10 అడుగులకు ఒక అంగుళము లోతు సందు కోయవలెను. పగులు వచ్చినను ఆ సందులోనే దాగును.

4. వేలితో నొక్కిన గుర్తు పడి, వేలికి అంటుకొనని సమయమున అచ్చు వేయవలెను. ఎండ ముదిరిన గచ్చు త్వరగా బిగియును గనుక తెల్లవారుజాముననే పని మొదలిడవలెను.

5. అచ్చు పొడిని కడిగిన పిమ్మట 10 రోజులు గచ్చును ఎండనీయక తడుపవలెను. బోరు నీటిలో ఉప్పులున్నచో రంగుపై తెల్లని పొర తేలవచ్చును. కావున నీరు నిలువ కట్టక తరచుగా చల్లుడు. బోరు ఎండియున్నచో ట్యాంకరు ఖర్చును మొదటి లెక్కలోనే చేర్చుడు.

6. మెరుగు పూత తడిసినపుడు జారును. వృద్ధులు, పిల్లలు నడచుచోట పూతలో సన్నని గరుకు పొడి కలిపింపుడు.

సొమ్ము చెల్లింపు

మేస్త్రీ చేసిన గచ్చులలో ఒక వానకాలము దాటినదానిని స్వయముగ చూచి బేరము కుదుర్చుకొనుడు. మందము, పాళ్ళు, తడుపు బాధ్యత ఎవరిదో కాగితముపై వ్రాసికొని, సొమ్మును పనిని బట్టి విడతలుగా ఇచ్చుచు, కొంత భాగమును తడుపు ముగియువరకు నిలుపుకొనుడు. గ్రామాధికారులు తమ గ్రామములోని ఇంజనీరింగు అసిస్టెంటు చేత రైతుల అంచనాను ఒకసారి సరిచూపించినచో ఎంతయో మేలు చేసినవారగుదురు.

రైతు సోదరీ సోదరులారా! అచ్చును ఈ ఏడు కాకున్న మరియొక ఏడు, మరియొక చోట వేయించుకొనవచ్చును. అడుగున చాలని మొరమును, తప్పిన వాటమును మాత్రము గచ్చు పగులగొట్టనిదే సరిచేయజాలము. మొదటి లెక్క పూర్తిగా చేతనున్నప్పుడే పనికి పూనుకొనుడు.