బిడ్డ తండ్రి ఎవరో తేల్చే అధికారం ఏ న్యాయస్థానానిది?

జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఉండవలసిన చోట ఖాళీ ఉన్నందువల్లనో, అక్కడ రాసిన పేరుగల వ్యక్తి బిడ్డను కాదన్నందువల్లనో ఎందరో తల్లులు మొదట పురపాలక కార్యాలయపు మెట్లెక్కుతారు. అయితే జనన నమోదు అధికారి న్యాయమూర్తి కాడు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం నమోదులోని పొరపాటును సరిదిద్దే అధికారాన్ని అతనికి ఇచ్చిందే కాని, ఇద్దరి మధ్య వివాదాన్ని తీర్చే అధికారాన్ని ఇవ్వలేదు. 'ఈ బిడ్డ నాది కాదు' అని ఒకరు, 'నీదే' అని మరొకరు అన్న క్షణం నుండి ఆ విషయం న్యాయస్థానానికి చెందుతుంది.

ఒక్క మినహాయింపును మాత్రం ఇక్కడే చెప్పుకోవాలి. పెళ్లి కాని తల్లి, తండ్రి పేరు చెప్పనవసరం లేకుండానే బిడ్డకు జనన ధ్రువపత్రం పొందవచ్చునని 2015 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బిడ్డ తన కడుపున పుట్టినదని ఆమె ప్రమాణ పత్రం ఇస్తే చాలు. కనుక ధ్రువపత్రం కోసమే అయితే కోర్టుకు పోవలసిన పని లేదు. పోషణ, వారసత్వం, తండ్రి పేరు మీద హక్కు కావాలన్నప్పుడే ఆ అవసరం వస్తుంది.

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం పది లక్షలు మించిన జనాభా గల ప్రతి నగరంలోనూ కుటుంబ న్యాయస్థానాన్ని, అంటే జనవాడుకలోని ఫ్యామిలీ కోర్టును, నెలకొల్పాలని రాష్ట్రాలను ఆదేశించింది. బెంగళూరు, చెన్నై, ముంబయి, పుణె నగరాలలో అవి ఉన్నాయి. ఆ చట్టం 7వ సెక్షను ప్రకారం ఒక వ్యక్తి ఔరసత్వాన్ని ప్రకటించమని కోరే దావాలు, మైనరు బిడ్డ సంరక్షణ, మనోవర్తి ఈ న్యాయస్థానం పరిధిలోకి వస్తాయి. అది ఉన్న ప్రాంతంలో ఈ విషయాలను జిల్లా కోర్టు గాని, కింది సివిల్ కోర్టు గాని, మనోవర్తి విషయంలో మేజిస్ట్రేటు గాని విచారించరాదు. ఔరసత్వం అంటే చట్టబద్ధమైన వివాహంలో పుట్టిన సంతానమన్న హోదా. దానికి వ్యతిరేకంగా 'అక్రమ సంతానం' అనే మాట కాగితాలలో ఇంకా కనిపిస్తూనే ఉంది. తల్లిదండ్రుల సంబంధానికి అంటవలసిన విశేషణాన్ని బిడ్డకు అంటగట్టిన మాట అది; 'వివాహేతర సంతానం' అన్నది మేలైన ప్రయోగం.

కుటుంబ న్యాయస్థానం లేని ప్రాంతంలో ఫలానా వ్యక్తి తన తండ్రి అని ప్రకటించమని సాధారణ సివిల్ కోర్టులోనే డిక్లరేషన్ దావా వేయాలి. ప్రతివాది నివసించే చోట గాని, ఉద్యోగం చేసే చోట గాని, వివాదానికి కారణమైన సంగతి జరిగిన చోట గాని ఆ దావా వేయవచ్చు. అన్ని పితృత్వ వివాదాలూ కుటుంబ న్యాయస్థానానికే పోతాయనుకోవడమూ పొరపాటే. తల్లికి భర్త ఉండగా వేరొకరు తండ్రి అని తల్లీబిడ్డలు వేసిన ఒక కేరళ దావాను మున్సిఫు కోర్టు కొట్టివేసింది. పై కోర్టులు దానిని సమర్థించాయి. ఏళ్ల తరువాత కుటుంబ న్యాయస్థానం మనోవర్తి దరఖాస్తును తిరిగి తెరిచింది. సివిల్ కోర్టుకు ఆ దావా వినే అధికారం ఉన్నదనీ, అక్కడ తేలిన విషయాన్ని మళ్లీ తోడరాదనీ 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. తొందరపడి, సాక్ష్యం కూడగట్టుకోకుండా ఎక్కడో ఒకచోట దావా వేసి ఓడిపోతే ఆ ఓటమి బిడ్డను వెంటాడుతుందన్నమాట.

వలస వచ్చినవారికి ఎక్కువగా అక్కరకు వచ్చేది మనోవర్తి మార్గం. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను (పాత 125) తనను తాను పోషించుకోలేని బిడ్డకు, వివాహంలో పుట్టినా పుట్టకపోయినా, తండ్రి నుండి మనోవర్తి ఇప్పిస్తుంది. నారాయణపేట నుండి భివండీ మగ్గాలకు పనికి వచ్చిన ఒక స్త్రీ అక్కడ ఒకరితో పెళ్లి లేకుండా కాపురం చేసి బిడ్డను కన్నదనుకుందాం. అతడు సూరత్ వెళ్లిపోయాడు. ఆమె సూరత్‌లో దరఖాస్తు చేయవచ్చు. లేదా ఇద్దరూ చివరిగా కలిసి నివసించిన భివండీలోనే చేయవచ్చు. ఆ ప్రాంతం కుటుంబ న్యాయస్థానం పరిధిలో ఉంటే అక్కడ, లేకుంటే ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు వద్ద. ఆమె బిడ్డతో పుట్టింటికి నారాయణపేట చేరితే మాత్రం చిక్కు వస్తుంది. 'భార్య నివసించే చోటు' అనే వెసులుబాటును చట్టం భార్యకే ఇచ్చింది. అలాంటప్పుడు 2005 నాటి గృహహింస నిరోధక చట్టాన్ని చూడాలి. వివాహం వంటి సంబంధంలో ఉన్న స్త్రీకీ అది వర్తిస్తుంది. ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న ఊరిలోని మేజిస్ట్రేటు కూడా బిడ్డ పోషణకు సొమ్ము ఇప్పించగలడు. అయితే ఆ చట్టం కింద కేవలం బిడ్డ పుట్టుక చాలదు. కలిసి కాపురమున్నట్లు, హింస లేదా ఆర్థికంగా వేధింపు జరిగినట్లు చూపాలి.

మనోవర్తి విచారణ సంక్షిప్తమైనది. అందులో 'ఇతడే తండ్రి' అని కోర్టు అన్నా అది పోషణ మేరకే. తుది తీర్పు కావాలనుకునే ఏ పక్షమైనా డిక్లరేషన్ దావాకు వెళ్లవచ్చు.

డీఎన్‌ఏ పరీక్ష అడిగిన వెంటనే జరుగుతుందన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. అది నిజం కాదు. చెల్లుబాటయ్యే వివాహం కొనసాగుతుండగా గాని, అది రద్దయి తల్లి మళ్లీ పెళ్లాడకుండా ఉన్న 280 రోజుల లోపు గాని పుట్టిన బిడ్డ ఆ భర్త సంతానమేనని భారతీయ సాక్ష్య అధినియమం 116వ సెక్షను భావిస్తుంది. గర్భధారణకు వీలున్న కాలంలో భార్యాభర్తలకు కలుసుకునే అవకాశమే లేదని చూపితే తప్ప ఆ భావన చెదరదు. పరీక్షను మామూలు తంతుగా ఆదేశించరాదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. 2023 ఫిబ్రవరిలో పుణె విడాకుల కేసులో భర్త కోరిన పరీక్షను బిడ్డ మేలును తలచి నిరాకరించింది. మరోవైపు, 2014లో నాగపూరు నుండి వచ్చిన కేసులో పరీక్ష జరిగి భర్త తండ్రి కాడని తేలాక చట్టపు భావన కంటే విజ్ఞానశాస్త్రపు రుజువే మిన్న అన్నది.

తెలుగువారికి తెలిసిన ఉదాహరణ నారాయణ్ దత్ తివారీది. ఆయన ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉండగా, 2008లో, ఒక యువకుడు ఆయనే తన తండ్రి అని ఢిల్లీ హైకోర్టులో దావా వేశాడు. రక్తం ఇవ్వడానికి తివారీ చివరిదాకా నిరాకరించారు. 2012 మే నెలలో దేహ్రాదూన్‌లో నమూనా తీసుకున్నారు. జులై 27న ఫలితం దావాదారుకు అనుకూలంగా వెలువడింది. ఢిల్లీ హైకోర్టుకు సివిల్ దావాలను నేరుగా స్వీకరించే అధికారం ఉన్నందువల్ల ఆ కేసు అక్కడ మొదలైంది. అన్ని హైకోర్టులకూ అది లేదు.

ఆస్తి అడగదలచినప్పుడు దారి మారుతుంది. భూమి శ్రీకాకుళంలో ఉంటే బెంగళూరులో పుట్టి పెరిగిన బిడ్డ అయినా శ్రీకాకుళం సివిల్ కోర్టులోనే భాగపంపిణీ దావా వేయాలి. పితృత్వాన్ని ఆ కోర్టే అందులో తేలుస్తుంది. హిందూ వివాహ చట్టం 16వ సెక్షను ప్రకారం చెల్లని వివాహంలో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఉంది, ఇతర బంధువుల ఆస్తిలో లేదు.

స్త్రీలకు, బాలలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. ప్రతి జిల్లాలోని న్యాయసేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చు. కుటుంబ న్యాయస్థానంలో ఏ పక్షం కోరినా విచారణ తలుపులు మూసి జరుగుతుంది. దాని తీర్పుపై 30 రోజులలోపు హైకోర్టుకు అప్పీలు చేయాలి. యానాంవాసులు ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి: కాకినాడ పక్కనే ఉన్నా, వారి హైకోర్టు అమరావతిలో లేదు, చెన్నైలో ఉంది.