సెన్సర్ డేటాకి ఏ బ్రోకర్? హుద్‌హుద్ లెక్కతో చూద్దాం

మధురవాడ ఐటీ హిల్స్ చుట్టూ 500 గాలి నాణ్యత సెన్సర్లు పెట్టాం అనుకుందాం. ఒక్కోటి 10 సెకన్లకోసారి రీడింగ్ పంపిస్తే సెకనుకి 50 మెసేజ్‌లు. వీటిని అందుకుని డేటాబేస్‌కి చేర్చేదే మెసేజ్ బ్రోకర్. ఈ మాత్రం లోడ్‌ని రాస్ప్‌బెర్రీ పై మీద మస్కిటో కూడా హాయిగా మోస్తుంది.

కానీ ఇది విశాఖ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ దెబ్బకి కరెంటు, మొబైల్ నెట్‌వర్క్ రెండూ పోయాయి. అలాంటి రోజు మన సెన్సర్లు బ్యాటరీ మీద నడుస్తూ రీడింగ్‌లు దాచుకుని, 6 గంటల తర్వాత నెట్ రాగానే పంపాయనుకోండి. ఒక్కోదానివి 2,160, మొత్తం 10,80,000 మెసేజ్‌లు ఒక్కసారే మీద పడతాయి. బ్రోకర్‌ని ఈ అంకె చూసి ఎంచుకోవాలి.

సెన్సర్ వైపు ఎంక్యూటీటీ తీసుకోండి, పెద్దగా ఆలోచించక్కర్లేదు. 1999లో ఆయిల్ పైప్‌లైన్ల డేటాని శాటిలైట్ లింక్ మీద పంపడానికి పుట్టింది. హెడర్ 2 బైట్ల నుంచే మొదలు. 2011లో ఫేస్‌బుక్ మెసెంజర్ కూడా దీన్నే వాడింది. క్యూఓఎస్ 1 పెడితే మెసేజ్ కనీసం ఒకసారి చేరుతుంది. రెండుసార్లూ రావచ్చు, కాబట్టి సెన్సర్ ఐడీ, రీడింగ్ టైమ్ చూసి డూప్లికేట్లు తీసేయాలి.

అసలు చిక్కు వెనక వైపు. డేటాబేస్ అంత వేగంగా రాయలేకపోతే మెసేజ్‌లు బ్రోకర్ దగ్గర పేరుకుంటాయి. మస్కిటో 2.0లో ఒక్కో క్లయింట్‌కి క్యూ డిఫాల్ట్‌గా 1,000. ఆపైన వచ్చినవి పోతాయి. పెంచుకోవచ్చు గానీ ర్యామ్ తినేస్తుంది. అందుకే దాని వెనక చిన్న బ్రిడ్జ్ ప్రోగ్రామ్‌తో కాఫ్కా పెడతారు. కాఫ్కా ప్రతి మెసేజ్‌నీ డిస్క్ మీద రాసి డిఫాల్ట్‌గా 7 రోజులు ఉంచుతుంది, డేటాబేస్ తీరిగ్గా చదువుకుంటుంది. సెన్సర్ ఐడీని కీగా ఇస్తే ఒక సెన్సర్ రీడింగ్‌లన్నీ ఒకే పార్టిషన్‌లోకి, వరుస తప్పకుండా వెళ్తాయి. 12 పార్టిషన్లుంటే ఒక గ్రూపులో 12 కన్స్యూమర్లు పని పంచుకోవచ్చు.

అలారాలకి మాత్రం టాపిక్ వేరుగా పెట్టండి. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ లీకైన సంగతి తెలిసినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు. ఇప్పటి గ్యాస్ హెచ్చరిక, 6 గంటల పాత రీడింగ్‌ల వెనక లైన్లో నిలబడకూడదు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో 20 సెన్సర్లకి కాఫ్కా క్లస్టర్ అంటారా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. అక్కడ దోమే చాలు!

ఏది పెట్టినా, ఖాయం చేసే ముందు డేటాబేస్‌కి రాసే ప్రోగ్రామ్‌ని గంటసేపు ఆపేసి సెన్సర్లని నడవనివ్వండి. మళ్లీ ఆన్ చేశాక, డూప్లికేట్లు తీసేసి, ఆ గంటవి 1,80,000 వరుసలు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.