మూగజీవులపై పరిశోధన – అందరికీ అందవలసిన పాఠం

“దంపుడు బియ్యం తినండి” అన్న సలహా పాఠకులకు కొత్త కాదు. ఆ సలహా వెనుక కొన్ని కోళ్ళ బాధ ఉన్నదని మాత్రం చాలామంది ఎరుగరు. 1890 దశకంలో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, పాలిష్ పట్టిన బియ్యపు అన్నం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడం, తవుడు పోని బియ్యం పెట్టగా అవి కోలుకోవడం గమనించాడు. తవుడులోని బి1 విటమిన్ లోపమే బెరిబెరికి మూలమని తరువాత తేలినది. వరి పండే మన సర్కారు జిల్లాలు ఒకప్పుడు ఆ వ్యాధికి నెలవులు. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనకై మొదలైన సంస్థయే 1958లో హైదరాబాదుకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా వెలుగొందుచున్నది. ప్రయోగశాల జంతువుల సంరక్షణలో శిక్షణ ఇచ్చిన ఘనత కూడా దానికి గలదు.

నేర్వని చేతి పాపం

నేను ఔషధ విద్య చదివిన రోజులలో కప్ప గుండెపై మందుల ప్రభావం చూడవలసి వచ్చినది. మసి పట్టించిన కాగితంపై గుండె కొట్టుకొను తీరు గీతలుగా పడవలెను. నా చేతికి నేర్పు లేదు. రక్తస్రావమై కప్ప మరణించినది. ప్రక్కవాని గీతలు చూచి నా రికార్డు నింపితిని. ఒక ప్రాణం పోయినది, వ్రాసినది అబద్ధం. అమలాపురంలో వైద్యం చేయుచున్న ఇన్నేళ్ళలోనూ ఆ సంగతి మరువలేదు.

మొన్న సెలవులకు రాజోలు నుండి వచ్చిన మేనకోడలు ఫార్మసీ చదువుచున్నది. అదే ప్రయోగాన్ని కంప్యూటరు తెరపై నాకు చూపినది. అడ్రినలిన్ వేయగా గుండె వేగం పెరిగినది. ఎసిటైల్‌కోలిన్ వేయగా తగ్గినది. పదిమార్లు తప్పు చేసినను ఏ కప్పా చావలేదు!

ఉచిత పాఠాల మేలు

ఇటువంటి పాఠాలను పుదుచ్చేరి జిప్మెర్‌లో ఆచార్యులు ఆర్. రవీంద్రన్ ‘ఎక్స్‌ఫార్మ్’ పేరిట రూపొందించి ఉచితంగా పంచిరి. 2014లో భారత వైద్య మండలి ఎం.బి.బి.ఎస్. బోధనకు కంప్యూటరు పాఠాలనే వాడవలెనని నిర్దేశించినది.

అయితే పరిశోధకులకు తెర ఒక్కటే చాలదు. వారికి 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలు ముఖ్యము: వీలైనచో జంతువుకు ప్రత్యామ్నాయం వెదకుట, సంఖ్య తగ్గించుట, బాధ తగ్గించుట. 2010లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, చుంచెలుకను తోక పట్టి ఎత్తిన బెదరుననియు, గొట్టంలోనో దోసిటలోనో ఎత్తిన ఆ బెదురు తగ్గుననియు చూపిరి. బెదిరిన ప్రాణిపై వచ్చిన ఫలితం నమ్మదగినది కాదు. ఈ మెలకువను చూపు వీడియోలను బ్రిటన్ సంస్థ ఒకటి ఉచితంగా అందించుచున్నది. వీటిని చూచిన పిదప గురువు సమక్షంలో చేయి తిరుగవలెను.

“వేల ఏండ్ల మన మందులకు ఎలుకలెందుకు?” అని కొందరు నన్నడుగుదురు. నల్లజీడి, వసనాభి శుద్ధి చేయనిదే వాడరాదని మన శాస్త్రమే చెప్పినది. వాటి సారాన్ని గాఢంగా తీసి మాత్రలుగా అమ్మునపుడు పరీక్ష మరింత అవసరము.

పాఠకులకు మనవి

మీ పిల్లలు ఈ చదువులలో ఉన్నచో, ఉచిత పాఠాలు వాడుచున్నారా అని అధ్యాపకులను అడుగుడు. తెలుగులో వివరించగల పెద్దలు అనుమతి గల పాఠాలను తెలుగు చేయుడు. విద్య పంచిన కొలది ప్రాణులకు బాధ తగ్గును. ఇక ఇంటిలో బియ్యం మరీ ఎక్కువసార్లు కడుగక, గంజి పారబోయక వండుకొనుడు. ఆ కోళ్ళు నేర్పిన పాఠం వ్యర్థము కారాదు.