అభ్యాసమును గురియును

అర్జునుడు ద్రోణాచార్యుని కడ విద్య నేర్చుచున్న దినములలో ఒకనాటి రాత్రి భుజించుచుండగా గాలి వీచి దీపమారిపోయెను. అయినను అతని చేయి తడబడలేదు. కబళము తిన్నగా నోటికే పోవుచుండెను. కన్ను చూడకున్నను చేయి తన త్రోవ నెరుగుట అలవాటుచేతనే గదా యని గ్రహించి, అతడు నాటినుండి చీకటిలో బాణములు వేయుట సాధించెను. రాత్రివేళ నారి మ్రోత విని ద్రోణుడు లేచివచ్చి శిష్యుని కౌగిలించుకొనెనట. ఆదిపర్వములోని ఈ కథ మన బాలురెల్లరు నెరిగినదే. తుపాకి గురి విషయమున ఇంతకంటె మంచి పాఠమును నేను చూడలేదు.

తుపాకి నేర్పువారు మొదట చెప్పు సూత్రములు మిక్కిలి కొద్ది. నిలుకడగా నిలుచుట, తుపాకి వెనుకకొయ్యను భుజమున కానించి చెంపను దానిపై మోపుట, వెనుకగురి, ముందుగురి, లక్ష్యము ఒకే వరుసకు వచ్చునట్లు చూచుట, ఊపిరి కొంత విడిచి ఆపుట, మీటను మెల్లగా నొక్కుటయే గాని గుంజకుండుట, గుండు వెడలిన తరువాతను క్షణకాలము కదలకుండుట. ఎన్.సి.సి.లో .22 తుపాకి పట్టిన మన పై తరగతుల వారు వీనిని చక్కగా ఒప్పజెప్పగలరు. అయితే ఒప్పజెప్పుట వేరు, చేయుట వేరు. నేలపై పరుండి, కదలని కాగితమును కొట్టునపుడు ఒక్కొక్క సూత్రమును తలచుకొనుటకు తీరిక కలదు. అడవిలో మృగము కొన్ని క్షణములే కనబడును. గుండె దడదడ కొట్టుకొనును. కాలిక్రింది నేల మిట్టపల్లముగా నుండును. అప్పుడు పాఠమును జ్ఞప్తికి తెచ్చుకొన బోవువానికి పని జరుగదు. కావుననే అనుభవజ్ఞులు తూటా లేదని రెండుమారులు చూచుకొని, వట్టి తుపాకిని దినదినము ఎత్తి గురి చూచి మీట నొక్కుచుందురు. ఇట్లు మరల మరల చేసిన పనుల వరుసను చిన్నమెదడు మున్నగు భాగములు తమలో ఇముడ్చుకొనుననియు, అటుపిమ్మట ఆలోచనకు భారము తగ్గుననియు శరీరశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనము సైకిలు త్రొక్కునపుడు జరుగునదియు నిదియే.

ఇందొక చిక్కు కలదు. మంచివలెనే చెడ్డయు అలవాటగును. కొత్తవాడు తుపాకి మ్రోతకును, భుజమునకు తగులు పోటుకును జంకి, గుండు వెడలకముందే కన్ను మూసి భుజమును ముందుకు త్రోయును. నూరుమారులు అట్లు చేసినచో అదియే వాని స్వభావమగును. తన తప్పు తనకు తెలియదు, మ్రోతలో కలిసిపోవును. దానిని బయటపెట్టుటకు గురువులు ఒక ఉపాయము చేయుదురు. వానికి చెప్పకుండ మందుగల తూటాల నడుమ ఒక వట్టి తూటాను చేర్చుదురు. మీట నొక్కగనే తుపాకి మ్రోగదు గాని గొట్టపు కొన క్రిందికి ఉరుకును! చూచువారికి నవ్వు, వానికి సిగ్గు. కాని జబ్బు తెలిసిపోవును.

కాగితము నెదుట ఈ తప్పు సిగ్గుతో సరి. అడవిలో అట్లుగాదు. 1907లో కుమావూ కొండలలో జిమ్ కార్బెట్టు దొర చంపిన చంపావతు ఆడుపులి, నేపాళమునను కుమావూలోను కలిపి 436 మందిని పొట్టబెట్టుకొన్నదని ఆయన వ్రాసెను. అది చచ్చిన పిదప చూడగా కుడివైపు మీదికోర సగమునకును, క్రిందికోర మొదలంటను విరిగియుండెను. పూర్వమెవడో కాల్చిన గుండు దెబ్బ అది. కోరలు చెడి తన సహజమైన ఎరను పట్టజాలక ఆ పులి మనుష్యులకు మరిగినది. గుండు వేసినవాడు ‘తప్పిపోయినది’ అనుకొని ఇంటికి పోయియుండునేమో.

అదే కార్బెట్టు 1930 ఏప్రిలు 11వ తేదీన చౌగఢు నరభక్షకిని ఎదుర్కొనిన తీరు ఆలోచింపదగినది. ఆయన బాల్యమున పట్టిన మొదటి తుపాకులలో ఒకదానికి రెండు గొట్టములలో ఒకటి పగిలియుండెనట! ఆనాటినుండి తుపాకి ఆయన చేతికి మరియొక వ్రేలువంటిదైనది. ఆ దినమున ఒక వాగులో నడుచుచు, నైట్‌జారు అను రాత్రించర పక్షి గ్రుడ్లు రెండు వింతగా కనబడగా ఎడమచేతిలోనికి తీసికొనెను. పెద్ద బండను దాటి కుడి భుజము మీదుగా వెనుకకు చూడగా ఎనిమిది అడుగుల దూరమున పులి! తుపాకి కుడిచేత రొమ్ముకు అడ్డముగా నుండెను. భద్రపుమీట ముందే తీసియుండెను. గొట్టము పులివైపు రావలెనన్న ముప్పాతిక చుట్టు తిరుగవలెను. కదలుచున్నదా లేదా యన్నంత మెల్లగా, ఒక్క చేతితోనే ఆయన దానిని త్రిప్పెను. పులి ఆయన ముఖమునే చూచుచుండెను. గొట్టము దాని శరీరమునకు ఎదురుకాగానే మీట నొక్కెను.

ఇందు భుజమున కానించుట లేదు, చెంప మోపుట లేదు, రెండవ చేయియే లేదు. పాఠములో సగము పోయినది. మరి నిలిచిన దేమి? భద్రపుమీట సంగతి చూడకయే ఎరుగుట, గొట్టము ఎటు చూచుచున్నదో చూడకయే ఎరుగుట, వ్రేలు తొందరపడకుండుట. వీనికి మనసు ఖర్చుకాలేదు గనుక మనసంతయు పులిపై నిలిచెను. చటుక్కున కదలినచో అది దూకునని తెలిసెను. విశేషమేమనగా, చేతిలో గ్రుడ్లు లేకున్న తాను రెండు చేతులతో గిరుక్కున తిరిగియుందుననియు, అంతటితో తన పని ముగిసియుండుననియు ఆయన భావించెను. అనగా ఏండ్ల తరబడి వచ్చిన అలవాటే ఆనాడు ఆయనను చంపబోయినది, గ్రుడ్లు అడ్డుపడినవి!

చేతి నేర్పు వివేకమును మించుటకు మనకు దశరథుని కథ కలదు. సరయూ తీరమున చీకటిలో కుండ నిండు చప్పుడు విని, ఏనుగని తలచి, శబ్దవేధియగు ఆ రాజు బాణము విడిచెను. గురి తప్పలేదు. తప్పకపోవుటయే అతని దుఃఖమునకు మూలమైనది. కావున కొట్టునది యేదో, దాని వెనుక నున్నది యేదో కంటితో తేల్చుకొనుట యను పనిని మాత్రము చేతి అలవాటునకు వదలరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే మన దేశమున వినోదపు వేట నిలిచిపోయినను, గురి నేర్చు స్థలములలో ఈ నియమము నేటికిని మొదటిదే.

పులి చచ్చిన పిదప కార్బెట్టు ఆ రెండు గ్రుడ్లను తీసిన చోటనే మరల పెట్టెను. అరగంట గడచి ఆ దారినే పోవుచు చూడగా తల్లిపక్షి వాని మీద పొదుగుచుండెను.