ఎండిన చెరువులోని ప్రాణులు – మేలు చేయునవి, కీడు చేయునవి

లేపాక్షి పరిసరములలో వేసవి వచ్చుసరికి చెరువులు, కుంటలు అడుగంటి నెర్రెలు విచ్చుట మీరెరిగినదే. పూర్వపు అనంతపురం జిల్లాలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎండిన చెరువులో ప్రాణమే లేదని మనము తలంతుము. అది సరికాదు. ఆ బెడ్డలలో వెన్నెముక లేని జీవులు అనేకము గ్రుడ్లుగాను, గుల్లలుగాను నిద్రించుచుండును. వానిలో కొన్ని మన చేపలకు ఆహారము; కొన్ని మన గొర్రెల ప్రాణము తీయు రోగములకు నిలయము. వీనిని వేరుపరచి తెలిసికొనుట గొర్రెలు, పశువులుగల ప్రతి రైతునకు అవసరము.

పగడముల బంధువులు

పగడపు జీవులు వెచ్చని, తేటయైన ఉప్పునీట పెరుగును. మనకు దగ్గరగా మన్నారు సింధుశాఖలోను, అండమాన్, లక్షదీవులలోను పగడపు దిబ్బలు కలవు. జెల్లిచేపలు ఎక్కువగా సముద్రపు జీవులే అయినను, మంచినీటి జెల్లిచేపలును ఉన్నవి. పశ్చిమ కనుమలలో కృష్ణానది ఉపనదులందు ఇట్టివి కనుగొనబడినవి.

ఈ రెంటికిని దగ్గరి బంధువు హైడ్రా. ఇది మంచినీటి కుంటలలో ఆకుల అడుగున అంటుకొని, దారపు ముక్కవలె నుండును. జెల్లిచేపవలెనే కుట్టెడు చేతులతో నీటిపురుగులను పట్టి తినును. మనుష్యులకుగాని, పశువులకుగాని దీనివలన బాధ లేదు. నీరు తగ్గునప్పుడు గట్టి పెంకుగల గ్రుడ్డు పెట్టి చనిపోవును. తూముల రాళ్లకు, మునిగిన పుల్లలకు పట్టు మంచినీటి స్పాంజియు ఇట్లే ఆవగింజకంటె చిన్నవైన గింజలను మిగిల్చి ఎండిపోవును. మరల నీరు తగిలిన ఆ గింజల నుండియే క్రొత్త స్పాంజి పెరుగును.

విత్తనము దాచు రొయ్యలు

మంచి వాన కురిసిన కొలది దినములకు కుంటలలోను, గుండ్లపై దొనలలోను వెల్లకిల ఈదు సన్నని రొయ్యవంటి పురుగులు కనబడును. వీపున డాలువంటి చిప్పగల ట్రయాప్స్ అను జీవియు ఈ తెగకు చెందినదే. ఇవి ఒకటి రెండు వారములలోనే పెరిగి, గ్రుడ్లు పెట్టి, నీటితోపాటు అంతరించును. ఆ గ్రుడ్లు మాత్రము ఏండ్ల తరబడి ఎండకు తాళును.

ఒక వానకే అన్ని గ్రుడ్లును పొదుగవు. కొన్ని తరువాతి వానకు మిగిలియుండును. ఉన్న వేరుసెనగ విత్తనమంతయు ఒక్క పదునుకే వేయక కొంత అట్టిపెట్టుకొను రైతు పద్ధతియే ఇది. తొలి వాన మోసపుచ్చినను వంశము నిలుచును.

ఈ గుణమును ఆధారము చేసికొని గొప్ప వ్యాపారమే సాగుచున్నది. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ అను ఉప్పునీటి సరస్సు నుండి ఆర్టీమియా యను ఇట్టి జీవి ఎండు గ్రుడ్లను సేకరించి, డబ్బాలలో నింపి, రొయ్యపిల్లలకు మేతగా లోకమంతట అమ్ముచున్నారు.

మన చెరువులలోను సన్నని నీటిపురుగులే చేపపిల్లలకు బలము. బొచ్చె చేపకు ఇవి ముఖ్యాహారము. పురుగులను చేపలు తినును. ఆ చేపలను లేపాక్షికి చేరువనున్న వీరాపురమున గూళ్లు కట్టు ఎర్రకాళ్ల కొంగలు తినును.

నత్తలు – జలగ వ్యాధి

ఇక కీడు సంగతి. కార్జపు జలగ కాళ్లకు పట్టు జలగ కాదు. గొర్రె, మేక, పశువుల కార్జములో నివసించు ఆకువంటి పురుగు. దీని గ్రుడ్లు పేడతో నీటిలో పడును. పిల్లపురుగు బయటికి వచ్చి ఒక జాతి నత్తలో ప్రవేశించి, అచ్చట అనేకములై వృద్ధి పొందును. తరువాత నత్తను విడిచి, నీటి అంచున పెరుగు గడ్డికి కంటికి కనబడని తిత్తులుగా అంటుకొనును. ఆ గడ్డి మేసిన గొర్రెకు వ్యాధి సోకును. పొట్ట జలగలును నత్తల ద్వారానే వ్యాపించును.

కరవు సీమలో జలగ వ్యాధి యేల యని కొందరు సందేహింతురు. కరవే దీనికి దారి. మెట్ట బీళ్లు ఎండిన తరువాత పచ్చిక మిగులునది తగ్గుచున్న చెరువు అంచుననే. మందలన్నియు అచ్చటికే చేరును. నత్తలును, తిత్తులును అచ్చటనే యుండును. చెరువు ఎండినను కొన్ని నత్తలు బురదలో దాగి మరుసటి వాన వరకు బ్రతుకును.

గొర్రె చిక్కిపోవుట, కనురెప్పల లోపల పాలిపోవుట, దవడక్రింద నీరు దిగుట కార్జపు జలగ లక్షణములు. దుర్వాసనతో పారుట పొట్ట జలగ లక్షణము.

నారికురుపు నేర్పిన పాఠము

రోగము నడచు దారి తెలిసిన దానిని తెంపవచ్చుననుటకు నారికురుపే సాక్ష్యము. దిగుడు బావులలోని సైక్లాప్స్ అను నీటిపురుగు ద్వారా అది మనుష్యులకు సోకెడిది. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోను ఉండెడిది. దానికి టీకా లేదు, నయము చేయు మందును లేదు. అయినను 1980 దశకమున మొదలైన జాతీయ కార్యక్రమములో నీరు వడగట్టుట, దిగుడు బావులలో దిగకుండ చేయుట, నీటిపురుగును చంపు మందు చల్లుట వంటి పనులతో దానిని నిర్మూలించిరి. దేశమున చివరి కేసు 1996లో కనబడెను. 2000లో భారతదేశము ఆ వ్యాధి నుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించెను.

రైతులు చేయవలసినవి

1. చెరువు తగ్గు నెలలలో నీటి అంచు పచ్చికలో మందలను మేపరాదు. అచ్చటి గడ్డి తప్పనిసరియైనచో కోసి, బాగుగ ఎండబెట్టి వేయవలెను.

2. బోరునీటిని తొట్టిలో నింపి త్రాగించుట మేలు. తొట్టిచుట్టు బురద చేరనీయరాదు.

3. పేడను చెరువు గట్టున వేయక, గుంతలో వేసి మాగనీయవలెను.

4. లక్షణములు కనబడగనే పేడను పశువైద్యశాలలో పరీక్ష చేయించవలెను. కొన్ని మందులు పెరిగిన జలగలనే చంపును, పిల్ల జలగలను చంపవు. కావున మందు, మోతాదు, వేయు కాలము వైద్యుడే నిర్ణయింపవలెను.

5. నత్తలను చంపుటకు చెరువులో పురుగుమందులు కలుపరాదు. చేపలును, వాని ఆహారమును నశించును. బాతులు నత్తలను తినును గనుక వానిని పెంచవచ్చును.

6. పూడిక మన్ను పొలమునకు తోలుట మంచిదే. అయితే మేలుచేయు జీవుల గ్రుడ్లు పైపొరలోనే ఎక్కువగా నుండును గనుక చెరువులో కొంతభాగమును కదల్పక విడువవలెను.

వాన మన చేతిలో లేదు. చెరువు అంచున మందను ఎప్పుడు తోలవలెనో, ఎప్పుడు మరల్పవలెనో మన చేతిలోనే కలదు. ఊరివారందరు కలిసి ఈ కట్టుబాటు పాటించిననే ఫలముండును; ఒక్క మంద పేడ చాలును, చెరువంతయు రోగమయమగుటకు.